పేరు పక్కన ఐఎస్‌సీ అని వేసుకోవాలంటే డబ్బు కట్టాలా? తిరుపతి నుంచి అడుగుతున్నా

తిరుచానూరు కెమెరా:

అందరికీ నమస్కారం. నాది తిరుపతి. తిరుచానూరు చుట్టుపక్కల కల్యాణ మండపాల్లో పెళ్లి వీడియోలు తీస్తాను. సోనీ ఎఫ్ఎక్స్3 ఉంది, ఎడిటింగూ కలరూ నేనే చేసుకుంటాను. మూఢం వచ్చి ముహూర్తాలు లేనప్పుడు ఫ్రెండ్స్ షార్ట్ ఫిల్ములకు కెమెరా పట్టుకుంటా. చంద్రగిరి కోట దగ్గర ఒకటి, తలకోనలో ఒకటి తీశాం.

సినిమాల్లోకి వెళ్లాలని ఉంది. ఈమధ్య ఒక ట్రైనింగ్ సెంటర్ ఆయన పరిచయమయ్యాడు. నలభై వేలు కడితే 'నేషనల్ సినిమాటోగ్రాఫర్' కార్డు ఇప్పిస్తాడట, టైటిల్స్‌లో పేరు పక్కన ఐఎస్‌సీ అని వేసుకోవచ్చట, కార్డు చూపిస్తే ఏ సినిమా కంపెనీ అయినా లోపలికి రానిస్తుందట. ఆదివారం లోపు సగం కట్టమంటున్నాడు. మా అమ్మేమో "గుర్తింపు కార్డంటే మంచిదే కదరా, కట్టేయ్" అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది నిజంగా ఇలాగే ఇస్తారా? ఇంకో మాట, మొదలుపెట్టాలంటే చెన్నై మేలా, హైదరాబాద్ మేలా?

గాంధీ రోడ్ గిరి:

కట్టొద్దు బ్రో. ఆదివారం లోపు అన్నాడంటేనే అర్థం చేసుకో.

చిత్తూరు పాత ఫోకస్:

నాయనా, నేను చెన్నైలో చాలాకాలం ఫోకస్ పుల్లర్‌గా, అంటే షాట్‌లో ఫోకస్ తప్పకుండా చూసే కెమెరా అసిస్టెంట్‌గా చేసి ఇప్పుడు చిత్తూరులో ఇంటిపట్టున ఉన్నాను. నీకు రెండు వేర్వేరు సంగతులను కలిపి అమ్ముతున్నాడు ఆయన. ముందు వాటిని విడదీసుకో.

ఐఎస్‌సీ అంటే ఇండియన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్. అది యూనియన్ కాదు. అందులో ఉన్నావని ఎవడూ నీకు కాల్‌షీట్ ఇవ్వడు, రోజువారీ బేటా డబ్బులు బాకీ పడితే వసూలు చేసిపెట్టేదీ అది కాదు. పెద్ద పని చేసినవాళ్లు ఒకచోట చేరి, తమ పనికి ఒక మర్యాద నిలబెట్టుకునే సంఘం. ఈ పద్ధతి అమెరికాలో 1919లో ఏఎస్‌సీతో, అంటే అక్కడి సినిమాటోగ్రాఫర్ల సొసైటీతో బలపడింది. ఇంగ్లండ్‌లో అలాంటిదే బీఎస్‌సీ 1949లో వచ్చింది. ఏఎస్‌సీలోకి లోపలున్న సభ్యులు సిఫారసు చేస్తే, పని చూసి పిలుస్తారు. దరఖాస్తుతో పాటు డీడీ తీసి పంపే వ్యవహారం కాదు. ముందు పని, ఆ తరువాతే అక్షరాలు. నీ ట్రైనింగ్ సెంటర్ ఆయన దీన్ని తిరగేసి చెప్తా ఉన్నాడు.

రెండోది యూనియన్. చెన్నైలో సికా, అంటే సదరన్ ఇండియా సినిమాటోగ్రాఫర్స్ అసోసియేషన్, ఫెఫ్సీ అనే సినీ కార్మికుల సమాఖ్య కింద ఉంటుంది. హైదరాబాద్‌లో తెలుగు సినిమాటోగ్రాఫర్స్ అసోసియేషన్ ఉంది, మనం 24 క్రాఫ్ట్స్ అంటామే, అందులో ఒకటి. ముంబై వాళ్ల సంఘం విక వేరు. పనిగంటలు, రేట్లు, గొడవలు, ఇవన్నీ చూసేది వీళ్లు. వీటికి ఫీజు ఉంటుంది, అది తప్పు కాదు. కానీ ఆ ఫీజు ఆఫీసులో కట్టి రసీదు తీసుకుంటారు, టీ కొట్టు దగ్గర మధ్యవర్తి చేతిలో పెట్టరు. పైగా ఒక కెమెరామ్యాన్ దగ్గర పని చేస్తున్నావనే ఆధారం లేకుండా నేరుగా వెళ్లి "నేను డీఓపీని", అంటే మెయిన్ కెమెరామ్యాన్‌ని అంటే నవ్వుతారు.

అక్షరాల మీద మోజు వద్దని కాదు. కెమెరామ్యాన్ సంతోష్ శివన్ పేరు పక్కన ఏఎస్‌సీ, ఐఎస్‌సీ రెండూ చూసినప్పుడు నాకూ ఛాతీ ఉబ్బుతుంది. ఆయన పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు. ఇంకో కెమెరామ్యాన్ రవి వర్మన్‌ది ఆ దారి కాదు, రవి కె. చంద్రన్ అనే కెమెరామ్యాన్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి ఎదిగిన మనిషి. ఆయన పేరు పక్కన కూడా ఇప్పుడు ఏఎస్‌సీ ఉంది. రెండు దార్లలో నలభై వేల దారి నాకు కనపడలేదు. 1957లో మాయాబజార్‌కు వెన్నెల కాయించిన కెమెరామ్యాన్ మార్కస్ బార్ట్‌లీని ఎవరైనా "మీ కార్డేదీ" అని అడిగి ఉంటారా చెప్పు.

ఇప్పుడు అసలు పని. నీకు ఎఫ్ఎక్స్3 ఉంది, ఆటోఫోకస్ కళ్లను పట్టుకుంటుంది. సెట్లో అలా వదిలేయరు. మా కాలంలో టేపు కొనను కెమెరా పక్కనుండే చిన్న కొక్కేనికి తగిలించి, ఆర్టిస్టు కంటి దాకా లాగి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టేవాళ్లం. హీరోయిన్ కంటికి టేపు తగలకూడదు, ఆమెకు చిరాకు రాకూడదు, దూరం మాత్రం అంగుళం తప్పకూడదు. 400 అడుగుల ఫిల్మ్ రోల్ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు, అందుకని రిహార్సల్‌లోనే అంతా తేల్చుకోవాలి. ఇప్పుడు మానిటర్లొచ్చి, వైర్‌లెస్ ఫోకస్ వచ్చి పని మారింది గానీ, దూరాన్ని కంటితో చెప్పగలగడం మారలేదు. మీ ఇంటి వరండాలో కుర్చీ పెట్టి దూరం ఊహించి చెప్పు, తరువాత టేపు పెట్టి చూడు. దీనికి ఫీజు లేదు.

చెన్నైనా, హైదరాబాదా అన్నావు. నేనైతే చెన్నై అంటాను. సప్తగిరి రైలు ఎక్కితే పుత్తూరు, అరక్కోణం మీదుగా నేరుగా దిగుతావు. మన చిత్తూరు, తిరుపతి పిల్లలకు అరవం సగం వచ్చే ఉంటుంది, అదే పెద్ద ఆస్తి.

మణికొండ డీఐటీ:

పెద్దాయన చెప్పిన చాలా మాటలతో ఏకీభవిస్తాను. చెన్నై విషయంలో మాత్రం కాదు. నాది మదనపల్లె దగ్గర ఊరు, ఇప్పుడు హైదరాబాద్‌లో డీఐటీగా, అంటే సెట్లో తీసిన ఫుటేజీ, కలర్ చూసుకునే మనిషిగా చేస్తున్నా. వెబ్ సిరీస్‌లు, యాడ్‌లు ఇక్కడ చాలా ఉన్నాయి, చిన్న వాటిలో చాలాసార్లు కార్డు అడిగే ముందు రీల్, అంటే నీ మంచి షాట్లు కలిపిన చిన్న వీడియో అడుగుతారు. నీకు కలర్ వచ్చంటున్నావు కాబట్టి డీఐటీ అసిస్టెంట్‌గా దూరడం కెమెరా అసిస్టెంట్‌గా దూరడం కన్నా తేలిక.

సొసైటీలు బిరుదులిచ్చి ఊరుకుంటాయని అనుకోవద్దు. ఈసారి ఎడిటింగ్, కలర్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్ నుంచి సీడీఎల్‌తో (కలర్ మార్పుల అంకెలతో) ఈడీఎల్, అంటే షాట్ల జాబితా ఎక్స్‌పోర్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు. ప్రతి షాట్ కింద ఏఎస్‌సీ ఎస్ఓపీ అని ఒక లైను, ఏఎస్‌సీ శాట్ అని ఇంకో లైను కనిపిస్తాయి. స్లోప్, ఆఫ్‌సెట్, పవర్, మూడు రంగులకు కలిపి తొమ్మిది అంకెలు, శాచురేషన్‌కు ఒకటి. సెట్లో వేసిన కలర్ ల్యాబ్‌కు చెదరకుండా చేరాలని ఆ ఏఎస్‌సీ వాళ్లే తయారుచేసిన పద్ధతి అది. అంటే నీ తిరుచానూరు పెళ్లి వీడియోలోనూ వాళ్ల పని కూర్చుని ఉంది, ఏ కార్డూ లేకుండానే.

ఈ థ్రెడ్ చదివే అమ్మాయిలకు ఒక మాట: బి.ఆర్. విజయలక్ష్మి గారు 1980ల్లోనే సౌత్‌లో కెమెరా పట్టారు, కెమెరామ్యాన్ అశోక్ కుమార్ గారి దగ్గర పనిచేసి వచ్చారు. ఇప్పుడు ఇండియన్ విమెన్ సినిమాటోగ్రాఫర్స్ కలెక్టివ్ అని ఉంది. "బరువు మోయగలవా" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, అది వేరే థ్రెడ్‌లో తిట్టుకుందాం.

తిరుచానూరు కెమెరా:

థాంక్స్ సార్, థాంక్స్ అక్కా. ఆయనకు ఫోన్ చేసి రసీదు ఎవరి పేరు మీద ఇస్తారని అడిగా. "నమ్మకం లేకపోతే వదిలెయ్" అని పెట్టేశాడు. అమ్మకు కూడా చెప్పేశా. ఒక్క డౌట్: రీల్‌లో పెళ్లి షాట్లు పెట్టొచ్చా? చీప్‌గా అనిపిస్తుందేమో.

చిత్తూరు పాత ఫోకస్:

పెట్టు, కానీ డ్రోన్ షాట్లు, స్లో మోషన్‌లో తలంబ్రాలు వద్దు, అవి అందరి దగ్గరా ఉంటాయి. తెల్లవారుజాము ముహూర్తంలో మండపం బల్బులు పసుపు, బయట ఆకాశం నీలం, మధ్యలో పెళ్లికూతురు ముఖం. ఆ ముఖం రంగు చెడకుండా తీసింది ఒక్కటున్నా ముందు అదే పెట్టు. ఒకటిన్నర నిమిషం మించొద్దు. పాట వేయకు. చెన్నైకి పోయేట్టయితే ముందు నాకు మెసేజ్ పెట్టు, వడపళనిలో కెమెరా అద్దెకిచ్చే మనిషి ఒకాయన ఉన్నాడు, చెప్తాను. ఆ డీఐటీ అమ్మాయి మాట విని హైదరాబాద్ పోయినా నాకేం కోపం లేదులే.