పాత ఎస్‌యూవీ బ్రేకులు ఇంట్లో మనమే విప్పుకోవచ్చా?

పాత బండి:
నా ఎస్‌యూవీకి 18 ఏళ్లు. డీజిల్, కింద నిచ్చెనలాంటి ఛాసిస్ ఉండే పాత రకం. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బెల్టు, రేడియేటర్ గొట్టాలు నాలుగేళ్లుగా ఇంటి దగ్గర నేనే మార్చుకుంటున్నాను, ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. పది రోజుల నుంచి ముందు ఎడమ చక్రం బ్రేకు పట్టేస్తోంది. ఇరవై నిమిషాలు నడిపి ఆపాక ఆ చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతోంది, కుడి పక్క మామూలుగానే ఉంది. నేనే విప్పి చూద్దామంటే మా అన్నయ్య గట్టిగా అడ్డం పడ్డాడు. ఇంజిన్ పనిలో తప్పు చేస్తే బండి ఆగిపోతుంది, బ్రేకు పనిలో తప్పు చేస్తే బండి ఆగదు అన్నాడు. ఆ మాట అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. బ్రేకుల దాకా వచ్చేసరికి ఇంటి రిపేరు మానేయాల్సిందేనా? చేసినవాళ్లూ చెప్పండి, మానేసినవాళ్లూ చెప్పండి.

రెండో గేరు:
మీ అన్నయ్య మాటే నా మాట. ముట్టుకోకండి. ప్యాడ్లు, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ని నొక్కి పట్టే పలకలు, మార్చడానికి వాటిని తోసే పిస్టన్‌ని నేను లోపలికి నొక్కాను, కొత్తవి పెట్టాను, చక్రం బిగించాను, అంతా బాగానే ఉంది. కానీ బండి కదిలించే ముందు పెడల్ నాలుగైదు సార్లు తొక్కి పిస్టన్‌ని మళ్లీ ప్యాడ్ దాకా తెచ్చుకోవాలి కదా, అది మర్చిపోయాను. రివర్స్‌లో తీసి బ్రేకు తొక్కితే పెడల్ నేలకి ఆనింది, బండి వెళ్లి గోడకి గుద్దుకుంది. ఐదు నిమిషాల ముందు మా పాప అక్కడే సైకిల్ తొక్కుతోంది. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి. తెలియక చేసింది కాదండీ, మాన్యువల్‌లో ఆ లైను ముందురోజే చదివాను. రోజూ అదే పని చేసేవాళ్లకి కాలు దానంతటదే పెడల్ మీదకి వెళ్తుంది, ఏడాదికోసారి చేసే మనకి వెళ్లదు.

టార్క్ రెంచ్:
రెండో గేరు గారూ, మీ పాపకి ఏమీ కాలేదు, అంతే చాలు. కానీ మీరు తేల్చిన మాట మాత్రం ఒప్పుకోలేను. రోజూ చేసేవాళ్లకి అలవాటుతో పాటు తొందర కూడా ఉంటుంది. నా బండి ఒక షెడ్‌లో ఇస్తే లోపలి ప్యాడ్ తిరగేసి పెట్టి పంపారు, ఇనుప పలక డిస్క్‌ని గాడి పడేలా గీకేసింది. ప్యాడ్లు మార్చినప్పుడల్లా స్లైడ్ పిన్నులు బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, రబ్బరుని పాడుచేయని సిలికాన్ గ్రీజు రాసి పెట్టేవాళ్లు ఎంతమంది? ప్యాడ్లని, పిస్టన్‌ని పట్టుకుని ఉండే క్యాలిపర్ ఆ పిన్నుల మీదే అటూ ఇటూ జరగాలి. అవి పట్టేస్తే ఒక ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి, దాని జత కొత్తదానిలా మిగులుతుంది.

పాత బండి గారూ, ఏదీ మార్చకముందే ఒక పరీక్ష చేయండి. బ్రేకు పట్టేసి ఉన్నప్పుడే చక్రం లేపి చేత్తో తిప్పండి, బిగుసుకుని ఉంటుంది. అప్పుడు క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదలడానికి ఉండే బ్లీడర్ స్క్రూకి సన్న గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో పెట్టి, స్క్రూ కాస్త వదులు చేయండి. బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందంటే లోపల ప్రెషర్ చిక్కుకుని ఉందన్నమాట. ఒక్క చక్రమే పడుతోంది కాబట్టి ఎక్కువగా అనుమానించాల్సింది క్యాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టాన్నే, పాతబడి లోపల ఉబ్బి ఆయిల్‌ని వెళ్లనిస్తుంది, తిరిగి రానివ్వదు. చక్రం వదలకపోతే పిస్టనో పిన్నులో పట్టేశాయి. ఈ చిన్న పరీక్ష చేయక క్యాలిపర్ మార్చి, మళ్లీ అదే సెగతో తిరిగినవాళ్లు నాకు తెలుసు.

కొండదారి:
మీరంతా బ్రేకు గురించే మాట్లాడుతున్నారు, నాకు అసలు టెన్షన్ చక్రం పైకి లేపడం దగ్గరే. ఇలాంటి బండి రెండు టన్నుల దాకా ఉంటుంది. పైగా సస్పెన్షన్ కిందికి బాగా వేలాడుతుంది కాబట్టి ఛాసిస్ కింద జాకీ పెడితే ఎంత లేపినా చక్రం నేలనే అంటుకుని ఉంటుంది, లేపేకొద్దీ బండి ఊగుతుంది. యాక్సిల్ కింద పెట్టే చోటు ఉందేమో మాన్యువల్‌లో చూసుకోండి.

హ్యాండ్ బ్రేకు వేశాం కదా అని కూడా ధీమాగా ఉండకండి. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వెనక్కి వెళ్లే షాఫ్ట్‌ని పట్టుకుంటుంది. వెనక ఒక చక్రం లేపారనుకోండి, షాఫ్ట్ కదలదు కానీ రెండు చక్రాలని వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు, నేల మీద ఉన్నది ఇంకోవైపు తిరగగలవు. బండి దొర్లిపోతుంది. ఆటోమేటిక్‌ని పార్క్‌లో పెట్టినా, ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే ఆ పార్క్ చక్రాలని పట్టుకోదు. మా తమ్ముడి బండి ఇలాగే జాకీ మీద నుంచి జారింది. విప్పిన చక్రాన్ని ముందే ఛాసిస్ కిందకి తోసి ఉంచాడు, దాని మీద పడింది కాబట్టి మనిషి దక్కాడు. చక్రాలకి ముందూ వెనకా అడ్డాలు, కింద స్టాండ్లు, ఇవి లేకపోతే బోల్టు కూడా వదులు చేయొద్దు.

ఇవి ఉంటే ప్యాడ్లు, పిన్నులు, బ్రేక్ ఆయిల్ మార్చడం వరకు ఇంట్లో చేసుకోవచ్చు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, వీటి జోలికి వెళ్లొద్దు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే చాలా బండ్లలో బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ లేకుండా పూర్తిగా బయటికి రాదు.

రెండో గేరు:
ఆయిల్ కూడానా? అందులో గాలి బుడగ మిగిలితే నాకు జరిగిందే రోడ్డు మీద జరుగుతుంది.

టార్క్ రెంచ్:
మార్చకపోయినా జరుగుతుందండీ, నేను చెప్పేది అదే. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, నీళ్లు 3.7 శాతం చేరాక ఆ హద్దు 140. డాట్ 4 అయితే 230, ఆ తర్వాత 155. ఇలా పట్టేసిన బ్రేకుతో కొండ దిగితే పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, అప్పుడు ఎంత తొక్కినా పెడల్ కిందికి పోతుంది. అందుకే ముట్టుకోకపోవడాన్ని జాగ్రత్త అనలేను. పెడల్ తొక్కి గాలి తీసేటప్పుడు మాత్రం పెడల్ కింద చెక్కముక్క పెట్టండి, పాత మాస్టర్ సిలిండర్‌లో సీళ్లు ఎప్పుడూ వెళ్లని తుప్పు భాగం దాకా వెళ్తే చిరిగిపోవచ్చు.

పాత బండి:
ఇవాళ పొద్దున చేశాను. అడ్డాలు, స్టాండ్లు పెట్టాకే మొదలుపెట్టాను. చక్రం రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. బ్లీడర్ వదులు చేయగానే నల్లటి ఆయిల్ ఒక్కసారి చిమ్మింది, చక్రం ఒంటి చేత్తో తిరిగింది. గొట్టాన్ని వంచి చూస్తే మెటల్ బ్రాకెట్ దగ్గర పగుళ్లు. రెండు పక్కలా కొత్త గొట్టాలు, కొత్త రాగి వాషర్లు తెప్పిస్తున్నాను. అయితే పైన ఇనుప పైపు నట్టుకి స్పానర్ పెట్టి కాస్త బలం చూపేసరికి దాని మూలలు అరగడం మొదలైంది, ఇంకో మెలిక తిప్పితే పైపే మెలితిరిగేది. అక్కడితో ఆపేశాను. ఆ నట్టు పని మెకానిక్‌ని ఇంటికి రప్పించి ఆయన చేత చేయిస్తాను, ప్యాడ్లు, పిన్నులు నేను చూసుకుంటాను. రెండో గేరు గారూ, "పెడల్ తొక్కు" అని పెద్ద అక్షరాలతో కాగితం రాసి స్టీరింగ్‌కి అంటించాను.

రెండో గేరు:
నేనైతే ఇప్పటికీ చేయను. కానీ కాగితం మంచి పని. తాళం కూడా మీ జేబులోనే ఉంచుకోండి, మధ్యలో ఇంట్లోవాళ్లు ఎవరైనా బండి కాస్త పక్కకి తీద్దామని ఎక్కుతారు.