అప్‌డేట్: డిసెంబరులో విత్తిన శనగకు ఏ రకం నిలిచింది, మొక్కలు ఎందుకు ఎండాయి

తుపాను వానలకు ప్రకాశం జిల్లాలోని మా నల్లరేగడి ఆరక, శనగ విత్తడం డిసెంబరు రెండో వారానికి వాయిదా పడిందని, ఏ రకం వేయాలో చెప్పమని ఇక్కడ అడిగాను. తరువాత మొక్కలు అక్కడక్కడా ఎండిపోతున్నాయనీ రాశాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఫలించింది జేజీ 14 సలహా. ఆలస్యంగా విత్తితే పూత ఎండలు ముదిరే రోజుల్లో పడుతుంది; అప్పుడు పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని కాయ పట్టదు కనుక, వేడిని తట్టుకునే ఈ రకాన్ని సగం చేలో, అలవాటైన జేజీ 11ను మిగతా సగంలో, సాళ్లు కొంచెం దగ్గర చేసి విత్తాము. జేజీ 11 పై కొమ్మల్లో చివరి పూత రాలిపోగా, జేజీ 14లో కొసల దాకా కాయ నిలిచింది. అయినా అక్టోబరులో విత్తిన పక్క చేల దిగుబడి మాత్రం రాలేదు.

ఎండిన మొక్కలను చాలామంది ఎండు తెగులన్నారు. కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త వచ్చి ఒక మొక్కను పీకితే, పిల్లవేళ్లు లేని తల్లివేరు నల్లబడి పుటుక్కున విరిగింది. కాండాన్ని నిలువునా చీల్చినా, ఎండు తెగులుకు గుర్తైన గోధుమ చార లోపల కనిపించలేదు. అది వేడికీ, నేలలో తేమ తగ్గడానికీ ముదిరే ఎండు వేరుకుళ్లు అని తేల్చారు. పిందె దశలో ఒక తేలికపాటి తడి ఇచ్చాక అది పెద్దగా వ్యాపించలేదు. ఇక్కడ సూచించిన యూరియా పిచికారీతో మాత్రం నాకు తేడా కనిపించలేదు.