రోహిణి చుట్టూ గీతలు గీసినట్టు క్వేజార్లు: ఆల్‌వైజ్ కేటలాగులో నకిలీలు తీసేదెలా?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, అమలాపురం):
అందరికీ నమస్కారమండి. ప్రాజెక్టు కోసం రోహిణి నక్షత్రం చుట్టూ 1 డిగ్రీ వ్యాసార్ధంలో ఆల్‌వైజ్ డేటా (నాసా వారి వైజ్ అంతరిక్ష టెలిస్కోపు పరారుణ కాంతిలో చూసినవాటి కేటలాగు) దించుకున్నాను. 3.4 మైక్రాన్ల మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలత) లోంచి 4.6 మైక్రాన్లది తీసేస్తే 0.8 దాటినవాటిని క్వేజార్ (బాగా దూరపు గెలాక్సీల మధ్యలో వెలిగే కేంద్రం) అభ్యర్థులుగా పెట్టుకున్నాను. టాప్‌క్యాట్ అనే టేబుళ్ల సాఫ్ట్‌వేర్‌లో ప్లాట్ వేస్తే చాలావరకు రోహిణి నుంచి బయటికి గీతలు గీసినట్టు పడ్డాయండి. కొలత నాణ్యత చెప్పే పీహెచ్ క్వాల్ కాలమ్ చూస్తే రెండు బ్యాండ్లలోనూ 'ఏ'. ఏ వచ్చినవి నకిలీ ఎలా అవుతాయి?

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, భీమవరం):
అమ్మా, ఏ అంటే సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి 10కి తగ్గలేదని, అంతే. అక్కడ వెలుగుందని చెబుతుంది గానీ అది ఎవరి వెలుగో చెప్పదు. నీ గీతల మీదున్నది రోహిణి వెలుగే. టెలిస్కోపులో రెండో అద్దాన్ని పట్టి ఉంచే కమ్మీల వల్ల ప్రకాశవంతమైన తారలకి ఇలా ముళ్లు మొలుస్తాయి. పైగా రోహిణి క్రాంతివృత్తానికి (ఆకాశంలో సూర్యుడు సాగే దారికి) ఐదున్నర డిగ్రీల దూరంలోనే ఉంది. అక్కడ వైజ్ స్కాన్లన్నీ ఇంచుమించు ఒకే వాలులో సాగుతాయి కాబట్టి ముళ్లు ప్రతి ఫ్రేములోనూ అదే చోట పడతాయి, ఫ్రేములు కలిపాక ఇంకా గట్టిగా కనబడతాయి.

పక్క తారల వెలుగు కలిసిందేమో చెప్పే సీసీ ఫ్లాగ్స్ కాలమ్ చూడు. నాలుగు అక్షరాలుంటాయి, నాలుగు బ్యాండ్లకీ వరసగా. సున్నా అంటే ఏ తేడా కనబడలేదని, డీ అంటే ముల్లు, హెచ్ అంటే హాలో (తార చుట్టూ పరుచుకున్న వెలుగు), ఓ అంటే లోపలి ప్రతిబింబం, పీ అంటే అంతకుముందు పడ్డ తార డిటెక్టరు మీద వదిలిపోయిన మచ్చ. పెద్దబడి అక్షరమైతే అక్కడ అసలు వస్తువే లేకపోవచ్చు. చిన్నబడి అయితే వస్తువు నిజమే, కొలతలో పరాయి వెలుగు కలిసి ఉండొచ్చు.

కాకినాడ నుంచి ఒకరు:
నాలుగూ సున్నాలున్నవే ఉంచమనండి మాస్టారూ, గొడవ వదిలిపోద్ది.

లెక్చరర్:
వద్దండి. ఆ అమ్మాయి వాడేది మొదటి రెండు బ్యాండ్లే. నాలుగో బ్యాండైన 22 మైక్రాన్లలో ఏదో హాలో తగిలిందని మంచి క్వేజార్‌ని పోగొట్టుకోవడం ఎందుకు? డేటా దించేటప్పుడే సీసీ ఫ్లాగ్స్ లైక్ '00%' అని, అంటే మొదటి రెండూ సున్నాలుండాలని, షరతు పెడితే చాలు. ఫైలూ చిన్నదవుతుంది, మన నెట్‌కి అదీ మేలే.

విద్యార్థిని:
చిన్నబడివి కూడా పోతాయి కదండీ?

లెక్చరర్:
పోతాయి. మీ వైపు చెరువుల దగ్గర పట్టుబడి రోజు సాఫ్ట్ రొయ్యని (పెంకు గట్టిపడనిదాన్ని) పారేయరు, పక్కకి తీసి రేటు తగ్గిస్తారు. అలాగే వాటిని వేరే టేబుల్‌లో ఉంచు. రంగు లెక్కలకి వాడకు. చదరపు డిగ్రీకి ఎన్ని క్వేజార్లని చెప్పాల్సి వస్తే మాత్రం అవి కావాలి.

కాకినాడ:
టూమాస్ అనే పాత పరారుణ సర్వేలో లేనివి నకిలీ అనుకోవచ్చాండి?

లెక్చరర్:
ఉంటే నిజమని నమ్మడానికి బలం. లేకపోతే ఏమీ తేలదు. టూమాస్ 1997 నుంచి 2001 దాకా భూమ్మీది టెలిస్కోపులతో, ఒక్కో చోట 7.8 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీసిన సర్వే. మసక క్వేజార్లు అందులో ఎక్కడ దొరుకుతాయి?

విద్యార్థిని (మర్నాడు):
గీతలు పోయాయండి. కానీ రోహిణికి బాగా దగ్గర్లో ఇంకా గుంపుగా కొన్ని మిగిలాయి.

లెక్చరర్:
ఫ్లాగులు వేసేది ప్రోగ్రామే కదా, ఇంత కాంతిమంతమైన తార పక్కన అన్నీ పట్టుకోలేదు. అలాడిన్ అనే ఆకాశ చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ తెరిచి ఒక్కొక్కటీ కంటితో చూడు. ఆ వెలుగు ఎంతవరకు పరుచుకుందో అంతమేర వృత్తం గీసి మొత్తం వదిలేయ్. ఆ విస్తీర్ణాన్ని లెక్కలోంచి తీసేయడం మరిచిపోకు. తర్వాత అదే గెలాక్టిక్ అక్షాంశంలో (పాలపుంత తలం నుంచి అంతే కోణదూరంలో) పెద్ద తార లేని చోటు ఒకటి తీసుకుని ఇవే షరతులతో వెతుకు. చదరపు డిగ్రీకి అక్కడికన్నా ఇక్కడ బాగా ఎక్కువ వస్తే ఇంకా చెత్త మిగిలినట్టే. చంద్రుడు కూడా ఈ దారినే పోతాడు, చంద్రకాంతి ఎంత కలిసిందో చెప్పే మూన్ లెవ్ కాలమ్ మీదా ఓ కన్నేసి ఉంచు.

వ్యాసార్ధం 3 డిగ్రీలకి పెంచితే మాత్రం హెచ్‌ఎల్ టౌరీ అనే పసితార ఉన్న ధూళిమేఘం లోపలికి వచ్చేస్తుంది. అక్కడి పసితారలు ధూళి వల్ల ఇలాగే ఎర్రగా ఉంటాయి. అవి నకిలీలు కావు, క్వేజార్లూ కావు, వాటిని ఏ ఫ్లాగూ పట్టివ్వదు.