షేరింగ్ లేదని చెప్పమన్నది మేనేజరే, బిల్లు కోస్తామంటున్నది నా జీతంలో. ఇలాంటివి మీరెలా తట్టుకుంటున్నారు?

బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా భోజనం హోటల్లో సర్వర్‌గా చేస్తున్నాను, ఎనిమిది నెలలైంది. మాది ప్రకాశం జిల్లా. పనికి నేను భయపడను, మధ్యలో విరామమిచ్చి రెండు విడతలుగా చేయించే బ్రేక్ షిఫ్ట్ కూడా అలవాటైపోయింది. మనుషులతోనే నా వల్ల కావట్లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర, బయట జనం పేర్లు రాయించుకుని నిలబడి ఉన్నారు, నాకు ఆరు టేబుళ్లు. భార్యాభర్తలు, పదేళ్ల బాబు, ఒక పెద్దావిడ వచ్చి కూర్చున్నారు. నాలుగు ఆకులు వేయబోతే రెండు చాలన్నారు. బాబుకు దోసె ఏదైనా చెప్తారేమో, పెద్దావిడ తినరేమో అనుకున్నా. రెండోసారి అన్నం పట్టుకెళ్లేసరికి నలుగురూ ఆ రెండు ఆకుల్లోనే కలుపుకుని తింటున్నారు. కౌంటర్ దగ్గర నుంచి మేనేజర్ చూసి, వెళ్లి చెప్పమని సైగ చేశాడు. నేను వంగి, మెల్లగానే, "సార్, అన్‌లిమిటెడ్ మీల్స్‌కి షేరింగ్ లేదండి, ఇంకో రెండు వేయమంటారా" అన్నా. అంతే, ఆయన చేతిలో ముద్ద ఆకులోకి విసిరికొట్టి "మేం అడుక్కుతినేవాళ్లలా కనిపిస్తున్నామా" అంటూ లేచాడు. పప్పు నా చొక్కా మీద చిందింది. హాలంతా నావైపే చూస్తోంది. మేనేజర్ పరుగున వచ్చి అందరి ముందూ నన్నే "కస్టమర్‌తో మాట్లాడటం తెలీదా" అన్నాడు. వాళ్లు డబ్బులివ్వకుండా వెళ్లిపోయారు. రెండు మీల్స్, ఒక చికెన్ ఫ్రై, ఆ బిల్లు నా జీతంలో కట్ చేస్తారట.

చిటికెలేసి పిలిచేవాళ్లు, ఫోన్ మాట్లాడుతూ నన్ను నిలబెట్టేవాళ్లు, సర్వీస్ ఛార్జ్ ఎందుకేశావని నా మీదకొచ్చేవాళ్లు, ఇవన్నీ రోజూ ఉండేవే. ఇది మాత్రం మింగుడు పడట్లేదు. ఆ రాత్రి చొక్కా ఎంత రుద్దినా పసుపు మరక పోలేదు, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, నేనేం చేసి ఉండాల్సింది?

పాత కెప్టెన్:
తమ్ముడూ, రెసిడెన్సీ రోడ్డులో, తర్వాత బీటీఎంలో కలిపి పన్నెండేళ్లు చేశాను. నువ్వు మాట్లాడిన తీరులో తప్పు లేదు, సమయమే తప్పింది. నలుగురు కూర్చుని రెండు ఆకులు అన్నప్పుడే, "మిగతా ఇద్దరికీ ఏం తెమ్మంటారండి, మీల్స్ అయితే ఒక ఆకు ఒక్కరికే వడ్డిస్తాం" అని నవ్వుతూ అడిగెయ్యాలి. అప్పుడైతే పరోటా చెప్తారో, లేచి వెళ్తారో వాళ్లిష్టం. సగం తిన్నాక, పక్క టేబుల్ వాళ్లు వింటుండగా, పెద్దావిడ ముందు చెబితే ఎవరికైనా తల కొట్టేసినట్టు ఉంటుంది. అలాగని ముద్ద విసిరినవాడిని నేను సమర్థించట్లేదు.

ఇంకోటి, డబ్బు మాట, రూల్ మాట సర్వర్ నోటి నుంచి రాకూడదు. మా దగ్గర అవి సర్వర్లను చూసుకునే కెప్టెనే చెప్పేవాడు. ఈసారి సైగ చేస్తే నువ్వు టేబుల్ దగ్గరికి వెళ్లకు, కౌంటర్ దగ్గరికి వెళ్లి "సార్, మీరు చెబితే వింటారు, పక్కనే ఉంటాను" అను. చిటికెలవాళ్లకు నేను చేసింది ఒకటే, వాళ్లు పిలవకముందే పప్పు, కూర, సాంబారు అన్నీ ఒకేసారి పట్టుకెళ్లి "ఇంకేం కావాలండి" అని కళ్లలోకి చూసి అడగడం. చాలామంది అక్కడితో తగ్గుతారు. అందరూ తగ్గరు.

జీతం లెక్క:
పైన అన్న చెప్పింది బాగుంది కానీ, అసలు విషయం జీతం కోత. దాన్ని వదలొద్దు. ఇంతకుముందున్న 1936 నాటి వేతన చెల్లింపు చట్టమైనా, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ అయినా చెప్పేది ఒకటే: నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్ల జరిగితేనే కోయాలి, అదీ మీ సంజాయిషీ విన్నాకే. మేనేజర్ చెప్పమన్నాడు, మీరు చెప్పారు, కస్టమర్ ఎగ్గొట్టాడు, ఇందులో మీ నిర్లక్ష్యం ఎక్కడుంది? నోటితో వాదించొద్దు. తేదీ, టేబుల్ నంబర్, ఎవరు ఏం చెప్పారో రాసి మేనేజర్‌కు వాట్సాప్‌లో పెట్టండి. ఆ రోజు సీసీటీవీ చెరిగిపోకుండా ఉంచమని కూడా అందులోనే అడగండి. అయినా కోస్తే, బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక శాఖ ఆఫీసు, కార్మిక భవన ఉంది, వెళ్లి అడగండి.

సర్వీస్ ఛార్జ్ గొడవ మీరు మోయాల్సింది కాదు. బిల్లులో దాన్ని దానంతటదే వేయకూడదని 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. తీసేయమంటే వాదించకుండా బిల్లు కౌంటర్‌కు పంపేయండి.

ఆదివారం భోజనం:
నేను కస్టమర్‌ని. ప్రతి ఆదివారం పిల్లలతో ఇలాంటి హోటల్‌కే వెళ్తాం. మా చిన్నది రెండు ముద్దలే తింటుంది, దానికి పూర్తి మీల్స్ డబ్బులివ్వాలంటే నాకూ మనసొప్పదు, అందుకని కూర్చోకముందే కౌంటర్‌లో అడుగుతాను, సగం రేటుకు చిన్న ప్లేట్ ఇచ్చే చోట్లున్నాయి. లేదంటే వేరే హోటల్‌కి వెళ్తాం. అడగడానికి నామోషీపడి, తర్వాత ఆ కోపం వడ్డించే పిల్లాడి మీద చూపించడం ఎంత అన్యాయమో మీ పోస్ట్ చదివాక బాగా అర్థమైంది. ఆ హాల్లో అంతమంది మనవాళ్లుండి ఒక్కరూ నోరెత్తలేదా బాబూ? నేనైతే ఇకమీదట ఊరుకోను. ముందు అమ్మకు ఫోన్ చెయ్యండి.

ప్రశ్న అడిగింది నేనే:
అందరికీ థ్యాంక్స్. నిన్న వాట్సాప్‌లో రాసి పెట్టాను, మేనేజర్ చూశాడు, జవాబివ్వలేదు. ఇవాళ మధ్యాహ్నం ముగ్గురొచ్చి ఒక్క మీల్స్ అన్నారు. ఆకు వేయకముందే అన్న చెప్పినట్టు అడిగాను. ఒకాయన మొహం చిట్లించాడు కానీ రెండు దోసెలు చెప్పారు. అమ్మతో మాట్లాడాను, మరక సంగతి చెప్పలేదు. జీతం ఒకటో తేదీన పడుతుంది, కోశారో లేదో ఇక్కడే రాస్తాను.