రేంజ్‌ఫైండర్‌కి ఫాస్ట్ 50: సోనారా, నోక్టనా, పాత సమ్మిలక్సా?

ప్రశ్న – బీచ్‌రోడ్డు_ఎం6

మాది విశాఖ అండి. లైకా ఎం6 (రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరా) మీద మూడేళ్లుగా ఒక్క 35 ఎంఎం ఎఫ్/2.5 లెన్స్‌తోనే తిరుగుతున్నా, పగలు దేనికీ లోటు లేదు కానీ దీపాలు పెట్టే వేళకి ఇంట్లో 400 ఫిల్మ్‌తో షట్టర్ 1/15 సెకనుకి పడిపోతోంది, మా నాయనమ్మ మొహం తీద్దామంటే ప్రతి రోల్లో సగం ఊగిపోయి వస్తున్నాయి. అందుకే ఫాస్ట్ 50 (అపర్చర్ అంకె తక్కువగా ఉండి వెలుగు ఎక్కువ తీసుకునే 50 ఎంఎం లెన్స్) ఒకటి కొందామని డబ్బులు కూడబెట్టా. చూస్తున్నవి మూడు: జైస్ సి సోనార్ 50/1.5, వోయిగ్ట్‌లాండర్ నోక్టన్ 50/1.5, లేదా సెకండ్ హ్యాండ్‌లో యాస్ఫరికల్ (గోళాకారం కాని వంపున్న గాజు) రాకముందు లైకా సమ్మిలక్స్ 50/1.4. షార్ప్‌నెస్ చార్టులు చాలా చూసేశా, అవి వద్దు. పూర్తిగా తెరిచి తీస్తే మొహం ఎలా వస్తుంది, వెనకాల వెలుగులు ఎలా కరుగుతాయి, చేత్తో వాడినవాళ్లు చెప్పండి.

జవాబు – పాతగాజు

నేను సి సోనార్ ఆరేళ్లుగా వాడుతున్నా కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తా. 1932లో జైస్ లెన్స్ డిజైనర్ బెర్టెలె కాంటాక్స్ కెమెరా కోసం సోనార్ 50/1.5 చేసినప్పుడు కోటింగులు లేవు, గాజుకీ గాలికీ మధ్య ఎన్ని అంచులుంటే అంత వెలుగు లోపల చెదిరి ఫోటో వెలిసిపోయేది, అందుకని ఆయన ఏడు గాజుల్ని ఒకదానికొకటి అతికించి మూడే గుంపులుగా కుదించాడు. కాంట్రాస్ట్ నిలబడింది, కొంత స్ఫెరికల్ అబరేషన్ (గాజు అంచుల్లోంచీ మధ్యలోంచీ వచ్చే వెలుగు ఒకే చోట కలవకపోవడం) మాత్రం ఉండిపోయింది. ఇప్పటి సి సోనార్‌లో అమరిక కాస్త మార్చినా ఆ గుణం వదల్లేదు. 1.5 దగ్గర చర్మం మెత్తగా వస్తుంది కానీ కనురెప్ప వెంట్రుక కూడా కనిపిస్తుంది, వెనకాల వెలుగు చుక్కలకి గట్టి అంచు ఉండదు, మధ్యలో నిండుగా ఉండి చివరికి పలచబడిపోతాయి. నాకు మొహాలకి ఇంతకంటే మంచి లెన్స్ దొరకలేదు.

అయితే ఆ అబరేషనే ఇంకో పని చేస్తుంది, ఫోకస్ షిఫ్ట్. అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్లో మనం లెన్స్‌లోంచి చూడం కదా, కామ్ (లెన్స్ ఫోకస్‌ని కెమెరాకి చేరవేసే భాగం) ఏ అపర్చర్‌కి కుదిర్చి ఉంటే దానికే నిజం చెప్తుంది. నా దానికి ఎఫ్/2.8కి కుదిర్చి ఉందని కొన్నప్పుడు తెలీదు. మొదటి రోల్ అమ్మ మీదే వేశా, 1.5 దగ్గర, మీటరు దూరం, కళ్ల మీద జాగ్రత్తగా ఫోకస్ పెట్టా. ప్రింట్ చూస్తే ముక్కుపుడక రాయి తళుక్కుమంటోంది, కళ్లు మాత్రం పొగమంచులో ఉన్నట్టు! ఆ దూరంలో ఫోకస్‌లో ఉండేది మొత్తం కలిపి మూడు సెంటీమీటర్ల పైచిలుకే, కొద్దిగా జరిగినా చాలు. తర్వాత 1.5కి సరిచేయించుకున్నా, ఇప్పుడు బాగుంది. మీరు కొంటే దేనికి కుదిర్చారో ముందే అడగండి.

జవాబు – చార్మినార్_రాత్రులు

అన్నా నేనైతే నోక్టన్ వైపే. పాతగాజు అన్న చెప్పింది కరెక్టే కానీ అది నిదానంగ కూసున్న మనిషికి పనికొస్తది, నేను రాత్రిపూట లాడ్ బజార్ల తిరుగుతా, 1.5 ఒకసారి 2.8 ఒకసారి మారుస్తనే ఉంటా, ఫోకస్ ఎటు జరిగిందో లెక్క పెట్టుకుంట ఫోటోలు తియ్యలేను. నోక్టన్ల యాస్ఫరికల్ గాజు ఉంది కాబట్టి నా వాడకంల షిఫ్ట్‌తోటి ఎన్నడు ఇబ్బంది పడలే, ఇంకోటేందంటే ఫ్రేం మూలల బల్బులు. పాత ఫాస్ట్ లెన్సులల్ల మూలకున్న బల్బు గుండ్రంగ రాదు, కోమా వల్ల రెక్కలు చాపిన పిట్ట లెక్క సాగుతది. చేతి గాజుల దుకాణాల ముంగట వరుసగ వందల బల్బులుంటయ్, అన్నీ పిట్టలైతే సూసుడు కష్టం. నోక్టన్ల అది చానా తక్కువ. బోకే (వెనకాల మసక) మాత్రం సోనార్ అంత సల్లగ ఉండదు, ఒప్పుకుంటా, ఆకులూ కొమ్మలూ వెనకాల ఉంటే కొద్దిగ గజిబిజి చేస్తది. కొత్త రెండో వెర్షన్ 0.7 మీటర్ల దాక దగ్గరికొస్తది, సి సోనార్ 0.9 కాడ ఆగిపోతది, మొహాలకి ఆ తేడా చానా ఉంటది.

జవాబు – డార్క్‌రూం_బెజవాడ

సమ్మిలక్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా. 1961 నుంచి 2004లో యాస్ఫరికల్ వెర్షన్ వచ్చేదాకా దాదాపు ఒకే ఫార్ములా, డబుల్ గాస్ (అపర్చర్‌కి అటూ ఇటూ దాదాపు అద్దంలో బొమ్మలా గాజులు పేర్చిన అమరిక) జాతిది. 1.4 దగ్గర కాంట్రాస్ట్ తగ్గి వెలుగుల చుట్టూ సన్నటి పాలపొర లాంటి మెరుపు వస్తుంది, 2.8కి మూస్తే వేరే లెన్స్ అనిపించేంత గట్టిగా మారిపోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో నెగటివ్‌కి నీడల్లో వివరం బాగా నిలుస్తుంది, ప్రింట్ చేసేటప్పుడు ఆ సుఖం తెలుస్తుంది. కానీ 1995కి ముందువి మీటరు కంటే దగ్గరికి రావు.

మీది సముద్రం పక్క ఊరు, పాత లెన్స్ కొనేముందు టార్చి వెనక నుంచి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్, ఊదినట్టు సమంగా తెల్లగా ఉంటే హేజ్, అంచుల్లో ఇంద్రధనస్సు రంగులుంటే అతుకు విడుతోందని. నేను ఒక చోట పగటి వెలుగులో చూసి బాగుందనుకుని తెచ్చేశా, ఇంటికొచ్చి టార్చి వేస్తే లోపల గాజంతా హేజే. కొన్నాక డ్రై క్యాబినెట్ (తేమ చేరని పెట్టె) తప్పనిసరి. చవకలో సోనార్ రుచి చూద్దామని జూపిటర్-3 (సోనార్‌కి సోవియట్ నకలు) జోలికి మాత్రం వెళ్లకండి, సోవియట్ లెన్సులు లైకా కొలతకి సరిగ్గా అమరవు, దగ్గర దూరంలో షిమ్ (లోపలి సన్నటి రేకు) సర్దకపోతే ఫోకస్ దక్కదు.

బీచ్‌రోడ్డు_ఎం6

చాలా థాంక్స్ అండి అందరికీ. నేను తీసేది ఎక్కువగా కూర్చున్న మనుషుల్నే, కాబట్టి మనసు సోనార్ మీదకి పోతోంది. 1.5కి కుదిర్చినదే దొరికితే మరి 2.8 దగ్గర ఏం చెయ్యాలి?

పాతగాజు

2.8 దగ్గర ఫోకస్ మీరు పెట్టిన చోటుకి కాస్త వెనక పడుతుంది, అందుకని కళ్ల మీద కలిపాక ఒళ్లు కొంచెం వెనక్కి ఒరిగించి నొక్కండి, రెండు సెంటీమీటర్లు చాలు. ఎఫ్/5.6 దాటాక పట్టించుకోనక్కర్లేదు. లెన్స్ రాగానే బల్ల మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, 15 అంకె మీద ఫోకస్ కలిపి 1.5, 2, 2.8, 4 దగ్గర నాలుగు ఫ్రేములు తీయండి, నెగటివ్‌ని లూప్ (చిన్న భూతద్దం) కింద పెడితే ఏ అంకె దగ్గర గీత పదునుగా ఉందో దానికదే కనిపిస్తుంది. ఆ నాలుగు అంకెలు కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోండి, నాయనమ్మ ఫోటో ఆ తర్వాతే.