అందరూ "సూపర్" అన్నారు, నేను చూస్తే ఐపీస్‌లో చీకటి! పబ్లిక్ నైట్‌కి సలహాలు కావాలి

కొత్త వాలంటీర్:
అందరికీ నమస్కారం. ఖగోళ క్లబ్బులో చేరి ఏడాది కూడా కాలేదు. పోయిన నెల మా ఆకాశ వీక్షణ కార్యక్రమంలో మొదటిసారి నా టెలిస్కోపు (8 అంగుళాల డాబ్, అంటే చేత్తో తిప్పే అద్దం టెలిస్కోపు) పెట్టి జనానికి శనిగ్రహం చూపించాను. క్యూ బాగానే కట్టారు. ఒక్కొక్కరూ వంగడం, "బాగుంది సార్", "సూపర్" అనడం, పక్కకి జరగడం. నేను లోలోపల పొంగిపోతున్నాను. పదిమంది అయ్యాక ఎందుకో అనుమానం వచ్చి నేనూ కన్ను పెట్టాను. ఏమీ లేదు. నల్లగా ఉంది. శని ఎప్పుడో జారిపోయింది. మరి అంతకుముందు ఏడెనిమిది మంది ఏం చూసి "సూపర్" అన్నట్టు?

వచ్చే వారం మళ్ళీ కార్యక్రమం ఉంది. నూట యాభై మంది దాకా రావచ్చంటున్నారు, టెన్షన్‌గా ఉంది. వాళ్ళకి నిజంగా కనబడిందో లేదో ఎలా తెలుసుకోవాలి? గ్రహం జారిపోకుండా ఎలా చూసుకోవాలి? నా దగ్గర 25 ఎం.ఎం., 10 ఎం.ఎం. ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే కటకాలు) ఉన్నాయి. గ్రహం వెంట టెలిస్కోపుని తిప్పే మోటారు లేదు.

పాతకాపు:
మీరు నయం. నేను ఒకసారి టెలిస్కోపు మూత తీయడం మర్చిపోతే ముగ్గురు చూసి మెచ్చుకుని వెళ్ళారు.

జనం అబద్ధమాడరండీ, మొహమాటపడతారు. వెనక యాభై మంది నిలబడి ఉండగా "నాకేం కనబడలేదు" అనాలంటే ధైర్యం కావాలి. అందుకని "కనబడిందా?" అని మాత్రం అడగొద్దు. దానికి జవాబు ఎప్పుడూ "ఆఁ" అనే వస్తుంది. చూసినవాళ్ళే చెప్పగలిగేది అడగండి. "గురుడి పక్కన బొట్లు (అంటే దాని చంద్రులు) ఎన్ని ఉన్నాయి? అన్నీ ఒకవైపేనా?" "శనిని పొడిచినట్టున్న గీత (అంటే దాని వలయం) అడ్డంగా ఉందా, ఏటవాలుగా ఉందా?" జవాబు మీరు ముందే నోరు జారొద్దు. చెప్పేస్తే అదే తిరిగి మీకు వినిపిస్తారు.

ఇక జారిపోవడం గురించి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మీ డాబ్ ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1200 ఎం.ఎం. అయితే 25 ఎం.ఎం. ఐపీస్‌తో 48 రెట్లు వస్తుంది, మామూలు ప్లోసల్ రకం ఐపీస్‌లో సుమారు ఒక డిగ్రీ ఆకాశం కనబడుతుంది. గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి పోవడానికి నాలుగు నిమిషాలు. 10 ఎం.ఎం. పెడితే 120 రెట్లు, కానీ రెండు నిమిషాలు కూడా నిలవదు. మధ్యలో పెట్టి వదిలితే మీకు దక్కేది అందులో సగం. పోయినసారి మీరు 10 పెట్టే ఉంటారు!

25 ఎం.ఎం. పెట్టి, ఇద్దరికొకసారి మీరే చూసి సర్దండి. ఇంకో చిట్కా ఉంది. టెలిస్కోపు ముట్టుకోకుండా ఒక నిమిషం గమనించండి, గ్రహం ఎటు పోతోందో తెలుస్తుంది. దానికి ఎదురంచు దగ్గర గ్రహాన్ని ఉంచి వదిలేయండి. అదే నడుచుకుంటూ మధ్యలోకి వస్తుంది. మధ్యలో ఉంచేదానికన్నా దాదాపు రెట్టింపు సమయం కలిసొస్తుంది.

శనిని మాత్రం మోటారు ఉన్నవాళ్ళకి వదిలేసి మీరు గురుడిని తీసుకోండి. 48 రెట్లకి గురుడు, పక్కన చుక్కలు హాయిగా కనబడతాయి.

కొత్త వాలంటీర్:
అవును సార్, 10 ఎం.ఎం. పెట్టాను. పెద్దగా కనబడితే జనానికి నచ్చుతుందనుకున్నాను.

పిల్లలకోడి:
పాతకాపు గారు చెప్పింది నిజమే కానీ సగమే. గ్రహం సరిగ్గా మధ్యలో ఉన్నా చాలామందికి కనబడదు, ఎందుకంటే కన్ను ఎక్కడ పెట్టాలో తెలియదు. మన ఐపీస్‌లోంచి వచ్చే వెలుగు ఒక సన్నటి పోగు. మీ 25 ఎం.ఎం.కి అది నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది. కన్ను కాస్త పక్కకి పోతే అంతా నలుపే. కొందరు ఐపీస్‌కి కన్ను అదిమేస్తారు, కొందరు జానెడు దూరం నుంచి చూస్తారు, కొందరు రెండో కన్ను మూయబోయి రెండూ మూసేస్తారు. నవ్వకండి, పిల్లల్ని గమనిస్తే తెలుస్తుంది.

అందుకే క్యూని ముందు చందమామ దగ్గరికి పంపండి. చందమామ వెలుగు ఐపీస్ బయటే తెల్లటి బొట్టులా కనబడుతుంది, కన్ను దాని మీదికి తెచ్చుకుంటే చాలు. అక్కడ అలవాటు పడినవాళ్ళు గురుడి దగ్గర తడబడరు. మా దగ్గర ఈ వరస మార్చాక క్యూ ఇదివరకటికన్నా వేగంగా కదిలినట్టు అనిపించింది.

కార్యక్రమం అష్టమి చుట్టుపక్కలే కదా పెట్టారు? పున్నమి నాడు పెట్టమని ఎవరైనా సరదాపడితే వద్దనండి. నిండు చందమామ మీద ఎండ నిటారుగా పడుతుంది, నీడలుండవు, సున్నం కొట్టిన పళ్ళెంలా ఉంటుంది. శుక్ల అష్టమికి సాయంత్రం నడినెత్తి దగ్గరే ఉంటుంది, వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి బిలాల అంచులు, వాటి నీడలు లోతుగా తెలుస్తాయి. అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తుంది.

పాతకాపు:
ఒప్పుకుంటున్నాను. ఇంకోటి, కళ్ళద్దాల సంగతి. హ్రస్వదృష్టి, దూరదృష్టి అయితే అద్దాలు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది. కంటిలో వంపు తేడా ఉండి దానికి అద్దాలు వాడేవాళ్ళు మాత్రం పెట్టుకునే చూడాలి. ఫోకస్ నాబ్ ఎక్కడుందో వాళ్ళ వేలు పట్టి చూపించండి. "పాడవుతుందేమో" అని ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ముట్టుకోరు.

అమ్మాయితో అమ్మ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను చూపించేదాన్ని కాదు, చూడ్డానికి వచ్చేదాన్ని. మా పాపకి ఆరేళ్ళు, అత్తగారు చక్రాల కుర్చీలో ఉంటారు. తీసుకురావచ్చా? ఎన్నింటికి వస్తే మంచిది?

పిల్లలకోడి:
తప్పకుండా తీసుకురండి. సూర్యాస్తమయం అయిన గంటకి రండి, అప్పటికి చీకటి పడుతుంది. తొందరగా వచ్చినా చందమామ ఉంటుంది. పాపకి నడిస్తే లైట్లు వెలిగే బూట్లు మాత్రం వేయకండి. ఒకసారి అలాంటి బూట్లతో ఒక బాబు టెలిస్కోపుల మధ్య పరుగెత్తాడు, ఇరవై మంది "అబ్బా" అన్నారు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. పోగొట్టడానికి ఒక్క తెల్లటి వెలుగు చాలు, సెల్‌ఫోన్ స్క్రీనైనా సరే. టార్చి తెస్తే ముందు ఎర్ర కాగితం చుట్టండి. చీకట్లో పనిచేసే కంటి కణాలకి ఎరుపు పెద్దగా ఆనదు.

అత్తగారి గురించి నిర్వాహకులకి ముందే చెప్పండి. డాబ్‌లో ఐపీస్ గొట్టం పైచివర ఉంటుంది. ఆకాశంలో ఎత్తున ఉన్నదాన్ని చూపిస్తే ఐపీస్ కూడా పైకి పోతుంది, కిందనున్న దాన్ని చూపిస్తే కుర్చీలో ఉన్నవాళ్ళకి అందుతుంది. ఐపీస్ పక్కకి తిప్పి పెట్టే లెన్సు టెలిస్కోపు ఉంటే ఇంకా తేలిక. ఎవరో ఒకరు తెస్తారు.

రాత్రి డ్యూటీ:
పార్కింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మధ్యలో వెళ్ళేవాళ్ళ హెడ్‌లైట్లు మైదానం మీద పడకుండా బండ్లు మొదటే ముందుభాగం బయటివైపు ఉండేలా పెట్టించండి. అలాగే గ్రీన్ లేజర్ ఒక్కరి చేతిలోనే ఉండాలి, అదీ నక్షత్రాలు చూపించడానికే. విమానం ఎగురుతుంటే ఆపేయాలి, ఎవరి ముఖం వైపూ పోకూడదు. పిల్లలు ఎంత అడిగినా ఇవ్వొద్దు. చాలాచోట్ల దీనికి నిబంధనలున్నాయి, నిర్వాహకులు ముందే కనుక్కోవాలి.

కొత్త వాలంటీర్:
లేజర్ వాడకుండా చూపించలేమా? పోయినసారి "అదిగో ఆ చుక్క" అంటే ఎవరికీ అర్థం కాలేదు.

రాత్రి డ్యూటీ:
చూపించొచ్చు, చెట్టుకొమ్మనో ఎత్తైన గోడనో గుర్తుగా పెట్టుకుని. నాకు ఎక్కువసార్లు ఇదే పనికొచ్చింది. ఇంకో మాట, వెలుగుండగానే వచ్చే జనం టెలిస్కోపు చుట్టూ మూగుతారు. సూర్యుడు పూర్తిగా మునిగేదాకా మూత తీయకండి, ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి) మూత కూడా. గొట్టం ముందు సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా సూర్యుడివైపు ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, అరిచినా పర్వాలేదు.

కొత్త వాలంటీర్:
అర్థమైంది. మరొకటి. జనం శనిని చూసి "ఇంతేనా? ఫొటోలో పెద్ద ఉంగరం ఉంటుందిగా" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. వాలంటీర్లంతా జనానికి ఏదో ఒకటి చెప్పాలట, నేనూ చెప్పాలి.

పాతకాపు:
చెప్పడానికి మంచి కథే ఉంది. వలయాలు మనవైపు వాలే తీరు ఏటేటా మారుతుంది. 2025 మార్చిలో సరిగ్గా అంచువైపు తిరిగాయి, అందుకే గీతలా సన్నబడ్డాయి. 2032 ప్రాంతానికి బాగా విచ్చుకుంటాయి. ఇదే తమాషా గెలీలియోకీ ఎదురైంది. 1610లో శనికి రెండు పక్కలా ఏవో బుడిపెలు చూశాడు. 1612లో చూస్తే అవి లేవు! ఆయన కంగారుపడ్డాడు. అవి శనిని తాకకుండా చుట్టూ ఉన్న పల్చటి వలయమని 1659లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ వివరించాడు. "మీరిప్పుడు చూసిన గీతే గెలీలియోని తికమక పెట్టింది" అనండి, "ఇంతేనా" అన్నవాళ్ళే మళ్ళీ క్యూలో నిలబడతారు.

మృగశిర దగ్గరి ఓరియన్ నెబ్యులా చూపించేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. ఫొటోలో గులాబీ రంగు, ఐపీస్‌లో బూడిద రంగు పొగ. మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు. అది ముందే చెప్పేస్తే నిరాశ ఉండదు.

మీ టెలిస్కోపుకి డాబ్ అనే పేరు జాన్ డాబ్సన్ నుంచి వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా ఉంటూ పాత సామాన్లతో టెలిస్కోపులు చేసి వీధుల్లో జనానికి చూపించేవాడు. ఆ పిచ్చివల్లే 1967లో మఠం వదలాల్సొచ్చింది. మరుసటి ఏడు, 1968లో, కాలిబాట మీద టెలిస్కోపులు పెట్టే బృందం మొదలైంది. ఇదీ చెప్పండి, వింటారు.

పిల్లలకోడి:
లెక్క కూడా వేసుకోండి. మనిషికి 40 సెకన్లు అనుకున్నా నూట యాభై మందికి ఒక్క టెలిస్కోపు దగ్గర గంటా నలభై నిమిషాలు. మధ్యలో ఫోన్‌తో ఫొటో తీస్తామని పట్టుబట్టేవాళ్ళుంటే అయిపోయింది. ఫొటోలు అందరూ చూశాక, చివర్లో, చందమామకి మాత్రమే అని ముందే ప్రకటించండి. ఇంకొకటి, ఐపీస్ పక్కన వీపు ఎత్తుగా ఉన్న కుర్చీ వేయండి. పట్టుకోవడానికి ఏదీ లేకపోతే జనం గొట్టాన్నే పట్టుకుంటారు. మీ శని జారడానికి అదీ ఒక కారణం కావచ్చు.

రాత్రి డ్యూటీ:
అద్దం బయటి గాలికి చల్లబడటానికి ముప్పావుగంట ముందే టెలిస్కోపు బయట పెట్టండి. లేకపోతే గ్రహాలు నీళ్ళలో ఉన్నట్టు కదులుతాయి.

కొత్త వాలంటీర్ (కార్యక్రమం తర్వాత):
అందరికీ చాలా థాంక్స్. నిన్న అయిపోయింది. చందమామ ముందు, తర్వాత గురుడు. 25 ఎం.ఎం., కుర్చీ, ఎదురంచు, అన్నీ పాటించాను. "ఎన్ని బొట్లు?" అని అడగడం మొదలుపెట్టాక ఐదారుగురికొకరు "నిజం చెప్పాలంటే ఏం కనబడలేదండీ" అన్నారు. వాళ్ళని మళ్ళీ చూడమన్నాను. చూసి ఒక్కసారిగా "ఓ!" అంటారు కదా, ఆ "ఓ" వేరేగా ఉంది.

ఒక్క తప్పు చేశాను. హడావిడిలో ఒక పెద్దావిడకి "నాలుగు బొట్లు కనబడతాయమ్మా" అని ముందే చెప్పేశాను. ఆవిడ తాపీగా చూసి, "నాలుగు కాదు నాయనా, మూడే" అంది. నేను వంగి చూశాను. మూడే. ఫోన్ వెలుగు బాగా తగ్గించి యాప్‌లో చూస్తే, ఆ చంద్రుల్లో ఒకటైన అయో అప్పుడే గురుడి ముందుకి వచ్చి ఆ వెలుగులో కలిసిపోయింది. రెండు గంటలకి పైగా పడుతుంది బయటికి రావడానికి అని చెప్పాను.

మేం సామాన్లు సర్దుతుంటే ఆవిడ మళ్ళీ వచ్చి నిలబడింది. గురుడి అంచుకి అతుక్కుని సన్నటి బొట్టు.