ధాత కరువు నాటి మా జేజి వాళ్ల అవ్వ: పాతర కథ నిజమేనా?

రేగడిపిల్ల:
అందరికీ నమస్కారం. మాది కోవెలకుంట్ల దగ్గర ఒక పల్లె. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. మా జేజి (నాన్న వాళ్ల అమ్మ) వాళ్ల అవ్వ గురించి అడగాలని ఈ పోస్టు.

జేజికి చిన్నప్పుడే తల్లి పోతే అవ్వే పెంచిందట. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. జేజి ఎప్పుడూ "కాలవవ్వ" అనే అనేది. కేసీ కాలవ (కర్నూలు-కడప కాలవ) తవ్వేటప్పుడు మట్టి మోసిందని ఆ పేరు. ధాత కరువులో ఇద్దరు బిడ్డలు పోయారు, మూడో బిడ్డను నడుముకు కట్టుకుని పనికి పోయింది. జేజి చెప్పింది ఇంతే. అదీ ఒకే వరుసలో చెప్పేది కాదు, శనక్కాయలు వలిచేటప్పుడు ఒక ముక్క, పొయ్యి దగ్గర ఒక ముక్క.

ఒక్క సంగతి మాత్రం ప్రతిసారీ కోపంగా చెప్పేది. వాళ్ల ఇంటి ముందర జొన్నల పాతర ఉండేదట. పాతర చూడనివాళ్ల కోసం చెబుతున్నా: మనిషి లోతుకు మించిన గొయ్యి, లోపల చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేస్తారు. ఏళ్ల తరబడి ఉంటాయి. తీసినప్పుడు ఒక రోజంతా గాలి పోనిచ్చి, తర్వాత దీపం దించేవాళ్లు. అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేది. ఆ జొన్నలకు ఒక రకం ముక్కవాసన ఉంటుంది. మా జేజికి ఆ వాసనంటే ప్రాణం, మాకేమో ఆ రొట్టె గొంతు దిగేది కాదు. అది వేరే కథ.

జేజి మాట ఇది: "కరువొచ్చినప్పుడు మా తాత పాతర తీసి యాపారికి అమ్ముకున్యాడు. ఆ జొన్నలు ఇంట్లో పెట్టింటే ఇద్దరు బిడ్డలు బతికుందురు. పాతర ఉన్న ఇంటి కోడలు కూలికి పోయింది చూడు."

నాకు రెండు సందేహాలు. ఒకటి, పాతర నిండా గింజలున్న రైతు ఇంటి ఆడమనిషి నిజంగా కరువు పనికి పోయి ఉంటుందా? రెండు, ఆమె పేరు ఏ కాగితంలోనైనా దొరుకుతుందా? జేజి 1910 ప్రాంతంలో పుట్టింది. కాలవవ్వ పోయేటప్పటికి జేజికి పన్నెండేళ్లట.

కుందూగట్టు:
అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మాది నంద్యాల.

ముందు లెక్క చూద్దాం. ధాత అంటే 1876-77. కేసీ కాలవ తవ్వింది 1863 నుంచి 1870 వరకు, సుంకేసుల దగ్గర మొదలుపెట్టి కడప దాకా. తవ్వించింది ప్రభుత్వం కాదు, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. తర్వాత 1882లో ప్రభుత్వం కొనేసింది. అంటే కాలవ పని, కరువు పని ఒకటి కాదు. కరువు నాటికి కాలవ తవ్వడం అయిపోయింది.

అంతమాత్రాన జేజి చెప్పింది తప్పని కాదు. ఆమె 1855 ప్రాంతంలో పుట్టి ఉంటే, ఎనిమిదో పదో ఏళ్ల పిల్లగా అమ్మ వెంట కాలవ దగ్గర మట్టి మోసి ఉండొచ్చు. కరువు నాటికి ఇరవై దాటి, బిడ్డల తల్లి. వినేవాళ్లు రెండింటినీ కలిపేసుకున్నారు, అంతే. ఇంకో మాట. కాలవ కోవెలకుంట్ల వైపు కాదు, మా నంద్యాల మీదుగా పోతుంది. కాబట్టి ఆమె పుట్టిల్లు మా వైపు కావచ్చు.

కరువు పనుల్లో ఎక్కువ భాగం రోడ్లు, చెరువు కట్టలు, కంకర కొట్టడం. 1877 మొదట్లో వైస్రాయ్ కరువు చూడమని పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజల ఖరీదు, పైన ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇంటికి పది మైళ్ల లోపల పని ఇవ్వకూడదని కూడా పెట్టారు. మూడో బిడ్డను కట్టుకుని పోయిందంటే, తెల్లారి పోయి పొద్దుగూకి వచ్చే పని కాకపోవచ్చు. అక్కడే ఉండిపోవాలి.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: పనికి పోయి ఉంటుంది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. కూలోళ్లు మాత్రమే కష్టాల పాలైతే అంత తగ్గదు.

పాతదస్తావేజు:
నేను రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ని. పేరు వెతికే సంగతి నేను చెబుతానమ్మా.

జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోకండి. మొత్తాలు మిగిలాయి గానీ, మనిషి మనిషికీ రాసిన కాగితాలు ఉంచలేదు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరనే ఉంటాయి. ఆడమనిషి పేరు కనబడేది ముఖ్యంగా దస్తావేజులోనే. రిజిస్ట్రేషన్ చట్టం 1865 నుంచి అమల్లో ఉంది. అయితే నూరు రూపాయల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ రోజుల్లో నూరు అంటే చిన్న మొత్తం కాదు కాబట్టి చాలా లావాదేవీలు ఇంట్లో కాగితం మీదే అయిపోయాయి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమైతే నోటిమాటే.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి ఆఫీసుకు పోయి ఇండెక్సు తిప్పించాల్సిందే. పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తికి ఒక ఇండెక్సు. మీకు పేరు తెలియదు కాబట్టి ఆస్తి వైపు నుంచి రండి. ఆమె నుంచి మీ జేజికి వచ్చిన చేను ఏదైనా ఉందా? ఉంటే సర్వే నంబరు, దాని ఆరెస్సార్ (పాత రీసెటిల్మెంట్ భూమి రిజిస్టరు) పట్టుకోండి.

చిత్రావతి:
వంశావళి చదివే పిచ్చుకుంట్లోళ్లను అడిగారా? మా ఇంటికి మా నాన్న చిన్నప్పుడు వచ్చి ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చదివేవాళ్లట. బియ్యం, పాత పంచె ఇచ్చి పంపేవాళ్లు.

రేగడిపిల్ల:
చిత్రావతి గారూ, మా చిన్నాన్న విన్నాడట, నేను వినలేదు. ఆయనకు గుర్తున్నంత వరకు తాతలు, ముత్తాతలే. కోడళ్ల పేర్లు రాలేదు.

పాతదస్తావేజు సార్, చేను ఉంది! మా జేజికి వచ్చిన ఎనిమిది ఎకరాల్లో ఇప్పుడు రెండే మిగిలాయి. ఇంట్లో దాన్ని "అవ్వ చేను" అంటాం. ఇన్నేళ్లూ ఏ అవ్వ అని అడగలేదు నేను. సర్వే నంబరు ఉంది, వెళ్తాను.

(ఐదు వారాల తర్వాత)

రేగడిపిల్ల:
అవ్వ చేను దస్తావేజు నకలు వచ్చింది. అంతా గొలుసుకట్టు రాత. నాకు సగమే అర్థమైంది, మిగతాది పాతదస్తావేజు సార్ ఫోటో చూసి చదివిపెట్టారు. ఆయనకు చాలా రుణపడ్డాను.

కాలవవ్వ పేరు దొరికింది. ఇక్కడ పెట్టను, ముందు మా చిన్నాన్నకు చెప్పాలి. పుట్టిల్లు మాత్రం లేదు, "ఫలానావారి భార్య" అనే ఉంది.

కానీ నేను అనుకున్నట్టు ఆ చేను పసుపు కుంకుమ కాదు, అత్తగారిచ్చింది కాదు. కొన్నది. ప్రమాది సంవత్సరం, 1879. కరువైన రెండేళ్లకు. ఎనిమిది ఎకరాల రేగడి, 120 రూపాయలకు, ఆమె పేరు మీద. అమ్మింది ఒక విధవ. "భర్త కరువులో కాలము చేసినందున, నా మైనరు కుమారుని పోషణ నిమిత్తం" అని రాసుంది. కింద ఇద్దరు ఆడవాళ్లవీ నిశానీలు. కాగితం ముందు పెట్టుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

120 రూపాయలు ఎక్కడివి? కంకర కొట్టినవి కావు గదా. పాతరవే అయ్యుండాలి. మరి జేజి చెప్పిన కథలో ఈ ముక్క ఎందుకు లేదు?

కుందూగట్టు:
అక్కా, అవ్వ జేజికి చెప్పి ఉండకపోవచ్చు. లేదా చెప్పినా, ఆ ముక్కను జేజి మీకు చెప్పి ఉండకపోవచ్చు. ధర ఎక్కినప్పుడు పాతరలు తీసి అమ్మిన రైతులున్నారు, మీ వాళ్లొక్కరే కాదు.

పాతదస్తావేజు:
తొందరపడి ఆమెను ముద్దాయిని చేయకండమ్మా. భార్య పేరు మీద ఉందంటే భార్య డబ్బని అర్థం కాదు. అప్పులోళ్లు చేను జప్తు చేయకుండా భార్య పేరున కొనడం అప్పుడూ మామూలే. నిశాని ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి ఉంటుంది. లేదా, ఇద్దరు బిడ్డలు పోయాక ఈసారి నా పేరునే కొనాలని పట్టుబట్టిందో ఏమో. దస్తావేజులో ఆ సంగతి ఉండదు. చెక్కుబందీ చదివారా? హద్దుల్లో ఎవరి పేర్లున్నాయో చూడండి.

రేగడిపిల్ల:
చూశాను సార్. తూర్పున కాలవవ్వ భర్త చేను, దక్షిణం బండ్లబాట, పడమర వంక. ఉత్తరం "అమ్మిన నాకు మిగిలిన ఎకరా". అంటే ఆమె ఒక్క ఎకరా ఉంచుకుంది.

చిన్నాన్నకు ఫోన్ చేసి ఆ విధవ ఇంటిపేరు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆ ఇంటోళ్లు ఊర్లో ఇంకా ఉన్యారు. ఆ ఎకరా వాళ్లే చేస్తాండారు. మనం అవ్వ చేను అంటామే, ఊరోళ్లు దాన్ని ఇప్పటికీ వాళ్ల ఇంటిపేరుతోనే పిలుస్తారు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

వచ్చే అమావాస్యకు ఊరికి పోతున్నాను. ఆ ఇంటికి పోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.